ఐదు మీటర్లు తప్పే పరికరంతో ఐదు సెంట్ల భూమి కొలుస్తారా?

పోయిన నెల మండల కమిటీ సమావేశం ముగిశాక మేం నలుగురం చెరువు కట్ట కింది పాత సరిహద్దు రాయి దగ్గరికి వెళ్లాం. మా తాతల కాలం నుంచీ అక్కడే ఉన్న రాయి అది. దాని మీద మూడు ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, అది ఎక్కడుందో చెప్పమన్నాం. ఒక ఫోను రాయిని కాలువలో పెట్టింది. ఇంకొకటి పక్క చేలో మామిడి చెట్టు కింద పెట్టింది. మూడోది కాస్త నయం, రెండు బారల దూరంలో చూపించింది. బీడీ కాల్చేంతసేపు ఆగి మళ్లీ చూస్తే మొదటి ఫోను రాయిని కాలువ దాటించి అవతలి గట్టెక్కించింది.

నవ్వుకున్నాం. కానీ ఆ నలుగురిలో ఒకాయనకు నవ్వు రాలేదు. ఆయన కౌలు రైతు. రెండేళ్ల కిందట తుపానుకు వరి పడిపోతే నష్టపరిహారం జాబితాలో ఆయన పేరు లేదు. అడిగితే చెప్పిన కారణం ఏమిటంటే, పంట నమోదు సమయంలో తీసిన ఫొటో ‘ఆ సర్వే నంబరులో తీసినది కాదు’ అని యాప్ చూపించిందట. ఆయన గట్టు మీద నిలబడి ఉండగానే ఫొటో తీశారు. యాప్ మాత్రం పక్క చేలో ఉన్నాడంది. ఆఫీసులో ఎవరూ ఆయన మాట వినలేదు. ‘యంత్రం అబద్ధం చెప్పదు కదా’ అన్నారు.

యంత్రం అబద్ధం చెప్పదు, నిజమే. కానీ తనకు తెలిసినంతే చెబుతుంది. ఎంత తెలుసో కూడా పక్కనే చెబుతుంది. ఆ రెండో మాటను మన ఆఫీసులు చదవడం లేదు. ఈ వ్యాసం దాని గురించే.

ముందే ఒక మాట. మేం యంత్రానికి వ్యతిరేకులం కాదు. 66 అడుగుల గొలుసు కూడా ఒకనాటి యంత్రమే. గట్టిగా లాగితే ఒక లెక్క, వదులుగా పట్టుకుంటే ఇంకో లెక్క. గొలుసు పట్టుకున్నవాడి చేయి తడిపితే మూడో లెక్క. ఆ రోజులే బాగున్నాయని చెప్పుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. పైగా కరణం గారి గొలుసును కనీసం కంటితో చూసేవాళ్లం, రెండో కొస మనవాడే పట్టుకునేవాడు. ఇప్పుడు రెండో కొస ఆకాశంలో ఉంది.

ఆకాశంలో ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకోక తప్పదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. ఒక్కొక్కటీ తన గడియారం ప్రకారం టైము చెబుతూ సంకేతం పంపుతుంది. ఆ సంకేతం ఎంతసేపటికి చేరిందో చూసి మన చేతిలో పరికరం దూరం లెక్కకడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు దొరికితే మనం ఎక్కడున్నామో తేలుతుంది. అంతా టైము మీదే నడిచే వ్యవహారం. సెకనులో వంద కోట్లవ వంతు తేడా వస్తే నేల మీద 30 సెంటీమీటర్లు తేడా వస్తుంది. అందుకే ఉపగ్రహాల్లో అణు గడియారాలు పెడతారు. మన దేశపు నావిక్ వ్యవస్థలో 2013లో శ్రీహరికోట నుంచి పంపిన తొలి ఉపగ్రహంలో మూడు అణు గడియారాలూ పాడయ్యాయి. దాంతో స్థానం చెప్పే పనికి అది అక్కరకు రాకుండా పోయింది.

గడియారం బాగున్నా దారి బాగుండాలి. సంకేతం నేలకు దిగేముందు అయనోస్ఫియర్ అనే విద్యుదావేశపు పొరను దాటాలి. అక్కడ అది ఆలస్యమవుతుంది. ఆ పొర మధ్యాహ్నం బాగా చిక్కగా ఉంటుంది. భూ అయస్కాంత మధ్యరేఖ దక్షిణాది కొస మీదుగా పోతుంది కాబట్టి ఈ బాధ యూరప్ రైతు కంటే మనకే ఎక్కువ. పొద్దుగూకాక కొన్ని నెలల్లో, ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు ప్రాంతాల్లో, సంకేతం మినుకుమినుకుమంటుంది. దీనికితోడు చెట్ల ఆకులు, కొండ, రేకుల షెడ్డు, కరెంటు మోటారు గది. సంకేతం నేరుగా రాకుండా వీటికి తగిలి వస్తే దూరం ఎక్కువగా కనిపిస్తుంది. కొబ్బరి తోటలో, మామిడి తోటలో నిలబడి కొలిచినవాళ్లకు ఇది అనుభవమే.

ఇవన్నీ కలిస్తే ఆరుబయట, ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోను సుమారు 5 మీటర్ల లోపు తప్పుతో చెబుతుంది. చేతిలో పట్టుకునే మామూలు జీపీఎస్ పరికరం కూడా దాదాపు అంతే. 2000 మే నెల దాకా అమెరికా సైన్యం కావాలనే ఈ సంకేతాన్ని చెడగొట్టి వదిలేది. అప్పట్లో తప్పు 100 మీటర్ల దాకా ఉండేది. దానితో పోలిస్తే 5 మీటర్లు అద్భుతమే. దారి తప్పినవాడు ఊరు చేరడానికి, ట్రాక్టరు ఎక్కడుందో తెలుసుకోవడానికి బంగారం లాంటి పరికరం. గట్టు తగాదా తీర్చడానికి కాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆండ్రాయిడ్ ఫోనులో స్థానం చుట్టూ ఒక నీలం వలయం కనిపిస్తుంది, పక్కన ‘5 మీటర్లు’ అని ఉంటుంది. దాని అర్థం తప్పు 5 మీటర్లు దాటదని కాదు. నూటికి 68 సార్లు మాత్రమే మనం ఆ వలయం లోపల ఉంటామని. మిగతా 32 సార్లు బయట ఉంటాం. ఎంత బయటో ఫోను చెప్పదు. అంటే ఫోను తన మాటకు తనే పూర్తి పూచీ పడడం లేదు. ఆ మాట పట్టుకుని పరిహారం ఎగ్గొట్టేవాళ్లు మాత్రం నూటికి నూరుపాళ్లు పూచీ పడుతున్నారు!

పరికరం చూపే అంకెలు ఇంకా మోసం. అక్షాంశం, రేఖాంశం చుక్క తర్వాత ఆరు ఏడు అంకెలతో చూపిస్తుంది. ఆరో అంకె అంటే నేల మీద 11 సెంటీమీటర్లు, ఏడోది అంటే ఒక సెంటీమీటరు. 5 మీటర్లు తప్పే పరికరం సెంటీమీటరు దాకా అంకెలు రాసి చూపిస్తే ఏమనాలి? ధాన్యాన్ని బారెడు కాటాలో తూచి, రత్తీల్లో బిల్లు రాసినట్టుంది. ఆ అంకెలను చూసి అధికారి తలాడిస్తాడు, రైతు భయపడతాడు.

ఇక అసలు లెక్కకు వద్దాం. కాగితం, పెన్సిలు ఉన్నవాళ్లు మాతోపాటు వేసి చూడండి.

ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. చదరంగా ఉంటే ఒక్కో వైపు 63 మీటర్ల చిల్లర. నాలుగు మూలల్లో ఒక్కోచోట ఒక్కో వైపుకు 3 మీటర్లు తప్పు వచ్చిందనుకోండి. అది పెద్ద తప్పేం కాదు, మామూలు పరికరానికి మామూలు తప్పే. అప్పుడు విస్తీర్ణంలో రావడానికి వీలున్న తేడా 6 నుంచి 7 సెంట్లు. అదే తప్పుతో 10 ఎకరాల చదరపు పొలం కొలిస్తే తేడా 21 సెంట్ల దాకా వస్తుంది. సెంట్లలో ఎక్కువే, కానీ పదెకరాల ఆసామికి అది నూటికి రెండు వంతులు. ఎకరం ఆసామికి దాదాపు ఏడు వంతులు. అర ఎకరం ఉన్నవాడికి తొమ్మిది వంతులు దాటిపోతుంది. పరికరం ఒకటే, తప్పు ఒకటే, దెబ్బ మాత్రం పేదవాడికి నాలుగింతలు. ఏ చట్టసభా వేయని పన్ను ఇది.

ఇంకా ఉంది. మన పొలాలు చదరంగా ఎక్కడున్నాయి? అన్నదమ్ములు పంచుకుంటే కాలువ నీళ్లు అందరికీ అందాలని నిలువునా చీలుస్తాం. ఎకరమే, కానీ 20 మీటర్ల వెడల్పు, 200 మీటర్ల పొడవు. ఆ పట్టీకి అదే 3 మీటర్ల తప్పుతో విస్తీర్ణం 15 సెంట్ల దాకా అటూ ఇటూ అవుతుంది. ఎకరంలో 15 సెంట్లు! దాని కోసం అన్నదమ్ములు కోర్టులకెక్కిన ఊళ్లు మనకు తెలియనివా?

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. నాలుగు మూలలూ వెంటవెంటనే కొలిస్తే తప్పులో కొంత భాగం అన్ని చోట్లా ఒకే వైపు ఉంటుంది. అప్పుడు విస్తీర్ణం అంతగా చెడదు. కానీ పొలం మొత్తం జరిగి పక్కవాడి మీద కూర్చుంటుంది. 20 మీటర్ల వెడల్పు పట్టీ 5 మీటర్లు జరిగితే నాలుగో వంతు పక్కవాడిదైపోయింది. మన కౌలు రైతు ఫొటో పక్క చేలో పడింది ఇలాగే.

దీనికి పైన ఇంకో చిక్కు. యాప్‌లో కనిపించే ఊరి పటం కూడా ఆకాశం నుంచి దిగింది కాదు. పాత ఎఫ్‌ఎంబీలను, గ్రామ పటాలను స్కాన్ చేసి ఉపగ్రహ చిత్రం మీద అంటించినది. పాత పటాలు, జీపీఎస్ ఒకే కొలమానంలో లేవు. 1802లో మద్రాసు దగ్గర మొదలైన మహా త్రికోణమితి సర్వే నుంచి వచ్చిన భూమి ఆకారపు లెక్క వేరు, జీపీఎస్ వాడే లెక్క వేరు. మన ప్రాంతంలో ఆ రెంటికీ మధ్య తేడా వంద మీటర్లకు పైనే. దాన్ని సరిచేసి అంటించాలి. బాగా అంటిస్తే సరే, హడావిడిగా అంటిస్తే గట్టు రోడ్డెక్కుతుంది. పరికరం ఎంత మంచిదైనా పటం పక్కకు జరిగి ఉంటే ఫలితం ఒకటే. ఆ తప్పు మాత్రం రైతు ఖాతాలో పడుతుంది.

ఏజెన్సీ రైతులకు ఇదంతా కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో అటవీ హక్కుల చట్టం కింద 2008 తర్వాత పోడు భూములు కొలిచేటప్పుడు చేతి జీపీఎస్‌లు పట్టుకుని కొండలెక్కారు. కొండ వాలు ఆకాశంలో సగాన్ని మూసేస్తుంది, మిగతా సగాన్ని చెట్లు మూస్తాయి. ఈ పరికరానికి అంతకంటే కష్టమైన చోటు లేదు. సరిగ్గా అక్కడే, ఎకరం రెండెకరాల ముక్కలను, ఒక్క చుట్టు తిరిగి, వచ్చిన అంకెను పట్టాలో రాశారు. దున్నుకునేది ఎంతో, పట్టాలో ఎంతో మన్యంలో ఏ గూడేనికి వెళ్లి అడిగినా చెబుతారు. పైగా పటం లెక్క ఎప్పుడూ సమతలంగా ఉంటుంది. 30 డిగ్రీల వాలులో కాళ్ల కింద ఉన్న నేల, పటంలో కనిపించే నేల కంటే నూటికి 15 వంతులు ఎక్కువ. ఇది సర్వే పద్ధతే, తప్పు కాదు. కానీ ఆ సంగతి గిరిజన రైతుకు చెప్పిందెవరు? ‘నీ భూమి ఇంతే’ అన్నారు, అంతే.

అదే చట్టం నియమాల్లో 2012 సెప్టెంబరు సవరణ ఒక మంచి మాట చెప్పింది. ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతిక పద్ధతులు మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు కానీ వాటి స్థానంలోకి రాకూడదని. అంటే గూడెం పెద్దల మాట, పాత రసీదు, గట్టు మీది చింతచెట్టు కూడా సాక్ష్యమే. అడవిలో వర్తించే ఈ న్యాయం మైదానంలో ఎందుకు వర్తించకూడదు? మన వాదన మొత్తం ఈ ఒక్క ప్రశ్నలో ఉంది.

రీసర్వే సంగతి వేరని కొందరంటారు. అక్కడ వాడేది ఫోను కాదు, రోవర్. నిజమే. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే మొదలైనప్పుడు రాష్ట్రమంతా 70 బేస్ స్టేషన్లు పెడతామన్నారు. బేస్ స్టేషన్ తానున్న చోటు కచ్చితంగా తెలిసినది. ఉపగ్రహం చెప్పేదానికీ అసలు స్థానానికీ తేడా ఎంతో అది క్షణక్షణం లెక్కకట్టి రోవర్‌కు పంపుతుంది. ఆ సవరణతో రోవర్ రెండు మూడు సెంటీమీటర్ల దాకా చెప్పగలదు. గొప్ప పద్ధతే. కానీ ‘చెప్పగలదు’ వేరు, ‘చెప్పింది’ వేరు.

రోవర్ తెర మీద ‘ఫిక్స్’ అని వస్తేనే ఆ సెంటీమీటర్ల కచ్చితత్వం. ‘ఫ్లోట్’ అని ఉంటే తప్పు జానెడు కావచ్చు, గజం కావచ్చు, ఇంకా ఎక్కువా కావచ్చు. సవరణ వచ్చేది మొబైల్ డేటా మీద. మన ఊళ్లలో సిగ్నల్ సంగతి మీకు చెప్పాలా? ఫిక్స్ రాక చెట్టు కింద అరగంట నిలబడిన సర్వేయర్‌కు రోజుకు ఇన్ని ఎకరాలని టార్గెట్ పెడితే ఆయన ఏం చేస్తాడు? ఇక కర్ర సంగతి. రోవర్ రెండు మీటర్ల కర్ర చివర ఉంటుంది. ఆ కర్ర మూడు డిగ్రీలు వాలితే కొస పది సెంటీమీటర్లు జరుగుతుంది. కర్ర మీద నీటి బుడగను మధ్యలో ఉంచి పట్టుకోవాలి. ఎండలో నూట యాభయ్యో మూల కొలిచేవాడి చేయి నిలకడగా ఉంటుందా? మేం సర్వేయర్లను తప్పుపట్టడం లేదు. వాళ్లలో చాలామంది మన పిల్లలే. తప్పు టార్గెట్లది.

ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2024లో రద్దయింది, పాసుపుస్తకం మీద బొమ్మ మారింది. సంతోషం. కానీ ఏ మూల ఫిక్స్‌లో కొలిచారో, ఏది ఫ్లోట్‌లో కొలిచారో రైతుకిచ్చిన ఏ కాగితంలోనూ మేం చూడలేదు. ఎల్‌పీఎం నంబరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది. తప్పు ఎంత ఉండొచ్చో ఉండదు. మందు సీసా మీద గడువు తేదీ లేకపోతే మనం కొనం. మరి ఈ కాగితం ఎందుకు తీసుకుంటున్నాం?

పరికరాన్ని మెరుగుపరచలేమా అంటే మెరుగుపరచొచ్చు. అందులో పెద్ద ఖర్చు లేనివీ ఉన్నాయి. ఒకే ఫ్రీక్వెన్సీ పట్టే పాత ఫోను కంటే రెండు ఫ్రీక్వెన్సీలు పట్టే ఫోను అయనోస్ఫియర్ ఆలస్యాన్ని తనే చాలావరకు తీసేస్తుంది. ఇలాంటి ఫోన్లు 2018 నుంచి మార్కెట్లో ఉన్నాయి. పంట నమోదు చేసే సిబ్బందిని సొంత ఫోన్లు వాడుకోమనకుండా ఇలాంటివి ఇవ్వండి. ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి విమానాల కోసం కట్టిన గగన్ వ్యవస్థ ఉంది. అది పంపే సవరణలను అందుకోగల చేతి పరికరాలు ఉన్నాయి. ప్రజల డబ్బుతో కట్టింది విమానానికే ఎందుకు, పొలానికి ఎందుకు కాదు? కొన్ని చేతి పరికరాల్లో ఒకే చోటును గంటన్నర విరామంతో నాలుగైదుసార్లు కొలిచి సగటు తీసే సదుపాయం ఉంటుంది. దానికి ఓపిక తప్ప పైసా ఖర్చు లేదు. ఉపగ్రహాలు గంట గంటకూ చోటు మారతాయి కాబట్టి తప్పులు కూడా మారతాయి, సగటులో చాలావరకు కొట్టుకుపోతాయి. ఒక్క నిమిషంలో అరవైసార్లు కొలిస్తే ఆ లాభం రాదు. ఒకే సాక్షిని అరవైసార్లు అడిగినట్టే అది.

అందుకే మేం అడుగుతున్నది యంత్రాన్ని పక్కన పెట్టమని కాదు. ప్రతి ఊరిలో రెండు మూడు పక్కా రాళ్లు పాతి, వాటి కచ్చితమైన స్థానాన్ని పంచాయతీ గోడ మీద రాయండి. ఏ పరికరం ఊళ్లోకి వచ్చినా ముందు ఆ రాయి మీద పెట్టి అందరి ముందూ చూపించాకే పొలంలోకి రావాలి. కాటాను తూనికరాయితో పరీక్షించకుండా మనం వడ్లు తూయనివ్వం కదా. కొలిచిన ప్రతి మూలకూ తప్పు ఎంతో, ఫిక్సో ఫ్లోటో, ఏ టైముకు కొలిచారో రైతుకిచ్చే కాగితంలోనే అచ్చు వేయండి. ఫోను చూపే వలయం పక్క పొలాన్ని తాకుతుంటే ‘పొలం బయట’ అని యాప్ తేల్చడానికి వీల్లేదు. అనుమానం వచ్చినప్పుడు దాని లాభం రైతుకే దక్కాలి, మనిషి వచ్చి చూడాలి. ఎకరం లోపు ముక్కలకు, సన్నని పట్టీలకు టేపు కొలత తప్పనిసరి చేయండి. పాత విస్తీర్ణానికి, కొత్త విస్తీర్ణానికి తేడా వస్తే పరికరంలో ఉండగల తప్పు కంటే అది ఎక్కువో తక్కువో ముందు తేల్చి, ఆ తర్వాతే నోటీసు ఇవ్వండి. పోడు పట్టాలను మళ్లీ కొలవండి, ఈసారి గ్రామసభ ముందు.

ఈలోగా మనం చేయాల్సిందీ ఉంది. పంట నమోదుకు వచ్చినప్పుడు గట్టు మీద కాకుండా పొలం నడిమధ్యకు తీసుకెళ్లండి. ఫోను తీయగానే క్లిక్ చేయనివ్వకండి. ఆరుబయట రెండు మూడు నిమిషాలు ఆగితే వలయం చిన్నదవుతుంది, అప్పుడు తీయమనండి. ఆ తెరను మీ ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. రోవర్ వచ్చిన రోజు తప్పకుండా పొలంలో ఉండండి. ప్రతి మూల దగ్గర ‘ఫిక్స్ వచ్చిందా బాబూ’ అని అడగండి. రాకపోతే కొలవొద్దనండి. రెండు మూలల మధ్య దూరాన్ని మీరే టేపుతో కొలిచి, పటంలో అంకెతో సరిచూసుకోండి. ఆకాశాన్ని మనం పరీక్షించలేం కానీ ఒక గట్టు పొడవు ఎంతో టేపు చెబుతుంది. 9(2) నోటీసు వస్తే సంతకం పెట్టేముందు ఈ కొలత చేతిలో ఉండాలి. సర్వే, సరిహద్దుల చట్టం 13వ సెక్షన్ కింద తుది ప్రకటన వెలువడ్డాక తిరగడం చాలా కష్టం.

మండల కమిటీ దగ్గర 30 మీటర్ల టేపులు రెండు ఉన్నాయి. ఎవరికి కావాలన్నా తీసుకెళ్లొచ్చు, ఎత్తుకుపోయి ఇంట్లో పెట్టుకోవద్దు. చెరువు కట్ట కింది రాయి దగ్గర వచ్చే నెల మళ్లీ కూడుతున్నాం. ఈసారి పంట నమోదు సిబ్బందిని, గ్రామ సర్వేయర్‌ను కూడా పిలిచాం. వాళ్ల ఫోన్లు, వాళ్ల రోవర్ అదే రాయి మీద పెట్టి చూడమని అడుగుతాం. ఆ రోజు కౌలు రైతు అర్జీని కూడా మళ్లీ వాళ్ల చేతికిస్తాం.